ఏ బళ్లో వేద్దాం మేడమ్? – అడ్మిషన్ టేబుల్ దగ్గర ఇరవై నాలుగేళ్లు

ఈ ఉద్యోగంలో కొత్తగా చేరుతున్న పిల్లలకు ముందుగా ఒక మాట. మీ అపాయింట్‌మెంట్ కాగితం మీద ‘అడ్మిషన్ ఇన్‌ఛార్జి’ అనో ‘పీఆర్వో’ అనో రాసి ఉంటుంది. ఇంట్లో మీ అమ్మ మాత్రం పక్కింటివాళ్లతో మా వాడు ఇస్కూల్లో పనిచేస్తాండాడు అని చెబుతుంది. వాళ్లు మిమ్మల్ని టీచరనుకుంటారు. మీరు కాదనరు. నేను కూడా ఇరవై నాలుగేళ్లు కాదనలేదు.

నా పేరు రుక్మిణీబాయి. మంత్రాలయం పక్కన ఒక పల్లెలో పుట్టాను. నాన్నది గుడిలో సేవ. ఇంట్లో కన్నడం, వీధిలో తెలుగు మాట్లాడుకుంటూ పెరిగాను. పెళ్లయి ఆదోనికి వచ్చాక కూరగాయల బేరం కోసం ఉర్దూ నేర్చుకున్నాను. ఈ మూడు భాషలే నాకు ఉద్యోగం తెచ్చిపెట్టాయి. ఆ రోజు ఇంటర్వ్యూకి నాతోపాటు ఇద్దరు డిగ్రీ చదివిన అమ్మాయిలు వచ్చారు. కరస్పాండెంట్ వాళ్లిద్దరినీ ఇంగ్లీషులో ఏవేవో అడిగారు. నన్ను మాత్రం ఫీజు తగ్గించడం కుదరదని మూడు భాషల్లో చెప్పమన్నారు. చెప్పాను. కన్నడంలో వింటే కోపం రావడం లేదని మెచ్చుకుని, మరుసటి రోజు నుంచే రమ్మన్నారు.

పిల్లల్ని చేర్పించడమే మన పని అని మేనేజ్‌మెంట్ అనుకుంటుంది. అది పనిలో సగం కూడా కాదు. ఒక కుటుంబం తన జీవితంలోకెల్లా పెద్ద ఖర్చుకు తలూపే ఆ పది నిమిషాలు వాళ్ల ఎదురుగా కూర్చోవడం మన అసలు పని. గేదెను కొనేటప్పుడు మనవాళ్లు పళ్లు చూస్తారు, పొదుగు చూస్తారు, పాత యజమాని ఎందుకు అమ్ముతున్నాడో నలుగురిని అడుగుతారు. బడి దగ్గరికి వచ్చేసరికి గేటు రంగు చూసి సంతకం పెట్టేస్తారు. ఆ గేటుకు ఏటా మార్చి నెలలో రంగు వేయించేదాన్ని నేనే.

టైలు ముందు, బెంచీలు తర్వాత

మా కరస్పాండెంట్ పేరు శేషాచలం. బడి పెట్టకముందు ఆదోనిలో ఒక పత్తి జిన్నింగ్ మిల్లులో లెక్కలు రాసేవారు. మేడమీద మూడు గదులు అద్దెకు తీసుకుని బడి మొదలుపెట్టారు. బెంచీలు ఇంకా వడ్రంగి దగ్గరే ఉండగా, బళ్లారి వెళ్లి టోకున రెండు వందల టైలు కొనుక్కొచ్చారు. ఆ ఏడాది చేరినవాళ్లు పంతొమ్మిది మంది. రెండు నెలల పాటు ఆ పంతొమ్మిది మంది మెడకు టైలు కట్టుకుని చాపల మీద కూర్చున్నారు. మిగిలిన టైలతో నేను పాంప్లెట్ల కట్టలు కట్టేదాన్ని.

ముందు బెంచీలు తేవచ్చు కదా అని ఒకసారి ధైర్యం చేసి అడిగాను.

“బెంచీ బళ్లోనే ఉంటాది రుక్మిణమ్మా. టై బజార్లో తిరుగుతాది” అన్నారు.

ఆయన చెప్పింది నిజమే. మరుసటి ఏడాది ఆ టైలను చూసే డెబ్బై మంది వచ్చారు.

ఆయన నాకు నేర్పిన పాఠాలు ముఖ్యంగా మూడు. తండ్రి ఫీజు అడుగుతాడు, తల్లి పక్కింటి పిల్లవాడు ఏ బడికి వెళ్తున్నాడని అడుగుతుంది, కాబట్టి ముందు తల్లికి జవాబు చెప్పాలి. ఆలోచించుకుని వస్తామన్నవాళ్లను టీ తాగకుండా పంపకూడదు. ఇక మూడోది, ఏ పరిస్థితిలోనూ వచ్చే ఏడాది ఫీజు ఈ ఏడాది చెప్పకూడదు. ఎవరైనా అడిగితే అప్పటికి చూసుకుందాంలే అని నవ్వాలి. మూడు పాఠాల్లోనూ నాకు బాగా వచ్చింది ఈ మూడోదే. నా ఉద్యోగంలో చేసిన అతిపెద్ద తప్పు కూడా అదే.

ఆయన్ను చెడ్డమనిషి అనుకోకండి. బడిలో ప్రతి పిల్లవాడి పేరూ ఆయనకు తెలుసు. పరీక్షల రోజుల్లో గేటు దగ్గర నిలబడి, పెన్ను మరిచిపోయినవాడికి తన జేబులోది ఇచ్చేవారు. ఆ జేబులో పెన్నులు అమ్మకానికి పెట్టినట్టు ఉండేవి. అయితే బడి నడపడమూ, మిల్లు నడపడమూ ఒకటేనని ఆయన మనసులో ఎక్కడో ఒక నమ్మకం ఉండిపోయింది. ఆ నమ్మకంతోనే నాకు జీతం వచ్చింది కాబట్టి నేను ఎక్కువ మాట్లాడలేను. మా అబ్బాయి కూడా అక్కడే చదివాడు. స్టాఫ్ పిల్లలకు ఫీజు లేదు. ప్రైవేటా, ప్రభుత్వమా అన్న ప్రశ్న మా ఇంట్లో ఎప్పుడూ పుట్టలేదు. అది పుట్టని ఇంటి మనిషి ఆ ప్రశ్నకు వందల ఇళ్లల్లో జవాబు చెబుతూ తిరిగింది. ఇప్పుడు తలుచుకుంటే నాకే నవ్వొస్తుంది.

వీరన్న అడిగిన లెక్క

కొన్నేళ్లకు ఎమ్మిగనూరులో బ్రాంచి పెట్టారు. అడ్మిషన్లన్నీ నాకు అప్పజెప్పారు. రోజూ ఆదోని నుంచి బస్సులో వెళ్లి వచ్చేదాన్ని. ఏప్రిల్ వచ్చిందంటే నేత వీధుల్లో ఇల్లిల్లూ తిరగాలి. కొత్తవాళ్లకు ఇది కష్టంగా ఉంటుంది, ఎందుకంటే మనకోసం మగ్గం ఆగదు. నేసే మనిషి గుంటలో కూర్చుని కాళ్లతో తొక్కుతూనే ఉంటాడు. నూలు మోసే నాడె అటు నుంచి ఇటు వచ్చే లోపు మనం ఒక మాట చెప్పి, అది మళ్లీ వెళ్లి వచ్చాక రెండో మాట చెప్పాలి. ‘డిజిటల్ క్లాస్‌రూమ్’ అన్న మాట ఆ సందులో పట్టదు.

వీరన్న ఇంటికి నేను మొదటిసారి వెళ్లింది అలాంటి ఒక ఏప్రిల్‌లోనే. ఆయన దుప్పట్లు నేసేవాడు. భార్య నాగమ్మ అరుగు మీద కూర్చుని కండెలు చుడుతోంది. కూతురు సావిత్రికి అయిదేళ్లు. కొడుకు మహేషుకు మూడేళ్లు. వాడు నూలు చిక్కు తీసే పనిలో ఉన్నాననుకుంటూ చిక్కు వేస్తున్నాడు. వాళ్ల అవ్వ, అంటే వీరన్న తల్లి, లోపలి నుంచి నన్ను చూసి ఎవరో బీమా ఆమె వచ్చిందని కేక వేసింది.

సావిత్రిని ఒకటో తరగతిలో చేర్పించమని అడిగాను. మా సారు నేర్పినట్టే ముందు నాగమ్మకు చెప్పాను. వాళ్ల వీధిలో అప్పటికే మా బడికి వస్తున్న నలుగురి పేర్లు చెప్పాను. ఆమె కండె చుట్టడం ఆపకుండానే విని, భర్త వైపు చూసింది. అప్పుడు వీరన్న మగ్గం ఆపాడు. నా కోసం మగ్గం ఆగడం అదే మొదటిసారి.

“ఒకటో తరగతికి ఆరువేలంటాండారు మేడమ్, సరే. పాప పదికి వచ్చేసరికి ఎంత అయితాది? ఎనకాల ఈ పిల్లోడు కూడా ఉండాడు. ఇద్దరికీ కలిపి ఎంతయితాదో సెప్పండి, సూసుకుంటాం.”

నన్ను అంతవరకు ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. నేను చెప్పకపోవడం లెక్క తెలియక కాదు. మా ఆదోని బడిలో పదో తరగతి ఫీజు ఎంతో నాకు తెలుసు. ఒక నిమిషంలో వేసి చూపించగలను. చూపిస్తే ఆయన చేర్చడని కూడా తెలుసు.

“అప్పటికి మీకు రెండో మగ్గం వచ్చి ఉంటాది లేన్నా. ఇప్పుడెందుకు ఆ లెక్క” అని నవ్వాను.

ఆయన కూడా నవ్వాడు. మగ్గం మళ్లీ కదిలింది. వారం తిరక్కముందే వచ్చి ఫీజు, బస్సు, బట్టలు, పుస్తకాలు, అన్నింటికీ ఒకేసారి కట్టేశాడు. చేనేత ఇంట్లో అంత డబ్బు ఒక్కసారిగా ఎక్కడిదని నేను అడగలేదు. రెండో మగ్గం కోసం నాలుగేళ్లుగా దాచుకున్నదని ఆ తర్వాత ఎప్పుడో నాగమ్మ మాటల మధ్యలో చెప్పింది. ఆ మగ్గం ఆ ఇంటికి ఎప్పటికీ రాలేదు. ఒక్క నవ్వుతో నేను దాన్ని టైగా, బెల్టుగా, బస్సు పాసుగా మార్చేశాను.

ఒక ఇల్లు, రెండు బళ్లు

ఫీజు ఏటా పెరిగింది. మా సారు ఎప్పుడూ ఎక్కువగా పెంచరు, ఎప్పుడూ పెంచుతారు, అంతే. దాని వెనక నోటుపుస్తకాలు వచ్చాయి, బడి పేరు అచ్చువేసినవి, మా దగ్గరే కొనాలి. దాని వెనక శనివారం తెల్లబూట్లు వచ్చాయి. ఆ తెల్లబూట్ల గురించి నేను ఎవరినీ అనలేను, ఆ ఆలోచన నాదే.

మహేషుకు అయిదేళ్లు రాగానే వాడినీ చేర్చారు. ఒక్క ఏడాది ఇద్దరూ వచ్చారు. ఆ ఏడాదే చేనేత సొసైటీలో నూలు సరిగ్గా అందక నెలలో పదిరోజులు మగ్గం ఖాళీగా ఉండిపోయేది. జూన్‌లో నాగమ్మ ఒక్కతే వచ్చి నా ఎదురుగా కూర్చుంది. ఒకరినే చదివించగలమని, ఒకరిని మానిపించి మున్సిపల్ బడిలో వేస్తామని చెప్పింది.

ఇలాంటి మాట నేను అప్పటికే చాలాసార్లు విన్నాను. ఏం జరగబోతోందో తెలుసు కాబట్టి సావిత్రి రికార్డు తీశాను. నాగమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

“పాపది కాదు మేడమ్, పిల్లోనిది” అంది.

నేను తెల్లబోయి చూశాను. ఇంటి వారసుణ్ని ప్రైవేటు నుంచి తీసి, ఆడపిల్లను ఉంచిన తల్లి నా టేబుల్ దగ్గరికి అంతకుముందు రాలేదు. పిల్లవాడికైతే సారుతో మాట్లాడి కన్సెషన్ ఇప్పిస్తానని కూడా అన్నాను. చూడండి, నేనూ ఎలాంటిదాన్నో. ఆడపిల్లకు ఇప్పిస్తానని నా నోటికి రాలేదు.

నాగమ్మ నిమ్మళంగా చెప్పింది. “మగపిల్లోడు యా బళ్లో సదివినా మగపిల్లోడే మేడమ్. ఆడ బాగలేదంటే ఇంగో తావ పంపుతారు. పాప ఒక్కసారి మానిందంటే మల్ల బడికి పంపనియ్యరు మా ఇంట్లో.”

వాళ్ల అవ్వ రెండు రోజులు అన్నం ముట్టలేదట. మూడో రోజు కోపం తగ్గి కాదు, ఆకలేసి తిన్నదని నాగమ్మే చెప్పింది. వీధిలో వీరన్నను ఆటపట్టించారు. మహేషుకు మాత్రం ఏ బాధా లేదు. మున్సిపల్ బడి ఇంటి పక్కనే, మధ్యాహ్నం అన్నం, గుడ్డు. శనివారం తెల్లబూట్లు లేవు. పైగా గ్రౌండు ఉంది. మా బ్రాంచిలో గ్రౌండని మేము పిలిచేది బస్సు నిలబెట్టే చోటును.

కొన్ని నెలలు గడిచాయి. ఒకరోజు పొద్దున నాగమ్మ మళ్లీ వచ్చింది. ఈసారి కోపంగా ఉంది. ఆమెకు చదువు రాదు. ఇంటికి మున్సిపాలిటీ నుంచి నీటి కుళాయి నోటీసు వచ్చిందట, చదవమని ఇద్దరు పిల్లలకూ ఇచ్చిందట. నాలుగో తరగతి చదివే సావిత్రి తెలుగు నోటీసును కూడబలుక్కుంటూ మధ్యలో ఆగిపోయింది. రెండో తరగతి మహేషు తడుముకుంటూనే చివరిదాకా చదివి, పదిహేనో తేదీలోపు కట్టాలంటమ్మా అని చెప్పాడు.

“పాప ఇంగ్లీషు గడగడా సదువుతాది మేడమ్. అందులో ఏముందని అడిగితే మాత్రం తెలీదంటాది. మీరు నేర్పేది సదవడమా, అరవడమా?” అని అడిగింది.

నేను సర్దిచెప్పి పంపాను. వెంటనే ఆదోనికి ఫోన్ చేసి, తెలుగు పీరియడ్లు పెంచమని సారును అడిగాను. తెలుగు ఇంట్లో ఉచితంగా దొరుకుతుంది కదా అన్నారు. అయినా ఒకటి పెంచారు.

న్యాయంగా ఇంకోవైపు కూడా చెప్పాలి. ఆ మరుసటి సంవత్సరం మహేషు బడిలో లెక్కల టీచరు బదిలీ అయి వెళ్లిపోయింది. ఆమె చోటికి దాదాపు ఏడాది దాకా ఎవరూ రాలేదు. వాడికి భాగహారం నేర్పింది సావిత్రి. మా బడి లెక్కల సారు గట్టివాడు, ఆ పిల్లకు లెక్కలు బాగా వచ్చేవి. అంటే ఆ ఇంట్లో తెలుగు తమ్ముడి దగ్గర, లెక్కలు అక్క దగ్గర. రెండు బళ్లు కలిస్తే ఒక బడి అయింది.

ఆరు దుప్పట్లు

సావిత్రి అయిదో తరగతి పూర్తయ్యేసరికి ఏడాదిన్నర ఫీజు బాకీ పడింది. ఆరో తరగతికి మున్సిపల్ హైస్కూల్లో చేరుస్తామని వీరన్న టీసీ అడిగాడు. బాకీ తీరేదాకా టీసీ ఇవ్వకూడదని మా సారు రూలు. నేను రూలు చెప్పాను. టీసీ తెస్తేనే చేర్చుకుంటామని అక్కడి హెడ్‌మాస్టరు కూడా అన్నారట. వీరన్న తల వంచుకుని వెళ్లిపోయాడు. జూన్‌లో బళ్లు తెరిచారు. మూడు వారాలు గడిచాయి.

నేను వేరే పని మీద ఆ వీధికి వెళ్లినప్పుడు అరుగు మీద సావిత్రి కనిపించింది. వాళ్లమ్మ చోట కూర్చుని కండెలు చుడుతోంది. వేళ్లు చాలా చురుగ్గా కదులుతున్నాయి. నన్ను చూసి లేచి నిలబడి, క్లాసులో అన్నట్టే ‘గుడ్ మార్నింగ్ మేడమ్’ అంది. అప్పుడు సాయంత్రం నాలుగైంది. అవ్వ గడపలో కూర్చుని, పిల్లకు పని బాగా పట్టుబడిందని, ఇక ఇంట్లోనే ఉండనీ అని నాతో సంతోషంగా చెప్పింది. నాగమ్మ నా వైపు చూడలేదు. మానిందంటే మళ్లీ పంపనియ్యరని ఆమె నా టేబుల్ దగ్గర చెప్పిన మాట నా కళ్లెదుటే నిజమవుతోంది. అవ్వ వల్ల కాదు, నేను రాసివ్వని ఒక కాగితం వల్ల.

మరునాడు వీరన్న భుజాన ఆరు దుప్పట్లు వేసుకుని ఆఫీసుకు వచ్చాడు. బాకీ కింద వీటిని తీసుకుంటారా అని అడిగాడు. నాకు నవ్వొచ్చింది. ఆ నవ్వు వచ్చినందుకు వెంటనే సిగ్గేసింది. రిజిస్టరు తీసి టీసీ రాసి, హెడ్‌మిస్ట్రెస్ చేత సంతకం చేయించి, సీలు వేసి ఇచ్చేశాను. ఆయన ఆ కాగితం తీసుకుని దుప్పట్లు మాత్రం బల్ల మీదే వదిలి వెళ్లాడు. ఎంత చెప్పినా వినలేదు.

ఆ సాయంత్రం దుప్పట్లు మోసుకుని ఆదోనిలో సారు ఇంటికి వెళ్లి, చేసింది చెప్పాను. ఉద్యోగం పోతుందనే అనుకున్నాను. సారు ఒక దుప్పటి విప్పి, అంచు వేళ్ల మధ్య నలిపి చూశారు. మిల్లులో పనిచేసిన మనిషి కదా, నూలు గురించి తెలుసు. చేత్తో నేసిందేనా అని అడిగారు. అవునన్నాను. ఇంత గట్టి నేత ఈ మధ్య చూడలేదన్నారు. ఆ తర్వాత కళ్లజోడు తీసి, ఆ బాకీ నెలకింత చొప్పున నా జీతంలో కట్ చేస్తానని చెప్పారు. సరే అన్నాను.

ఒక్క నెల కట్ చేశారు. రెండో నెల జీతం పూర్తిగా వచ్చింది, మూడో నెలా అంతే. మరిచిపోయారా, మరిచిపోయినట్టు నటించారా అన్నది నాకు ఈనాటికీ తెలియదు. లెక్కల విషయంలో ఆయన మరిచిపోవడం నేనెప్పుడూ చూడలేదు. దుప్పట్లు మాత్రం తిరిగి ఇవ్వలేదు. రెండింటిని బడిలో ఒంట్లో బాగాలేని పిల్లలు పడుకునే మంచానికి వేశారు, మిగతా నాలుగు ఆయన ఇంట్లోనే ఉండిపోయాయి.

తల్లిదండ్రులతో ఏం మాట్లాడాలి

ఆ తర్వాత నేను టేబుల్ దగ్గర మాట్లాడే పద్ధతి మార్చుకున్నాను. ఎవరు వచ్చినా ఒక తెల్లకాగితం ఇచ్చేదాన్ని. ఈ ఏడాది ఫీజు రాయమనేదాన్ని. దాని పక్కన మా బడిలో ఇప్పుడు పదో తరగతి పిల్లలు కడుతున్న ఫీజు నేనే చెప్పి రాయించేదాన్ని. అప్పటికి అది ఇంకా పెరుగుతుందని కూడా చెప్పేదాన్ని. ఇంట్లో ఇంకో పిల్ల ఉంటే కింద ఇంకో వరుస. బస్సు, బట్టలు, శనివారం బూట్లు కూడా. ఆ మొత్తం చూశాక రంగు మారని మొహాలు నేను తక్కువే చూశాను.

మీకు నేను చెప్పేది ఇదే. ఆదాయం తెచ్చే వస్తువును అమ్మి ఫీజు కట్టేవాళ్లను ఆపండి. మగ్గం కావచ్చు, ఎద్దులు కావచ్చు, ఆటో కావచ్చు. మొదటి ఏడాది ఫీజు ఎవరైనా కడతారు. ఏడో తరగతిలో మానిపించాల్సి వస్తే, ఆ పిల్ల అప్పుడు పడే బాధ మొదటి నుంచీ ప్రభుత్వ బడిలో చదివి ఉంటే ఉండేది కాదు. పైగా అసలు ఖర్చు పదో తరగతి తర్వాతే మొదలవుతుంది. చిన్న తరగతుల్లోనే చేతిలో ఉన్నదంతా పోసేసి, ఇంటర్ వచ్చేసరికి ఖాళీ చేతులతో నిలబడినవాళ్లను చాలామందిని చూశాను.

బడులను తిట్టను, పొగడను. ప్రభుత్వ బళ్లకు ఈ మధ్య రంగులొచ్చాయి, ఇంగ్లీషు మీడియం వచ్చింది, బల్లలొచ్చాయి. మా సారు వాటి ముందు నుంచి వెళ్లేటప్పుడు కారు అద్దం ఎక్కిస్తారు. అయినా పదకొండు గంటల బస్సుకు వచ్చి, మూడు గంటల బస్సుకు వెళ్లే టీచరు ఉంటే రంగులేం చేస్తాయి. అలాగే మా బడిలో ఒకే ఏడాది మూడుసార్లు టీచరు మారిన క్లాసులున్నాయి. కాబట్టి ఏ బడికైనా ఆగస్టులో, మధ్యాహ్నం అన్నం తర్వాత, చెప్పకుండా వెళ్లి చూడమని చెప్పండి. ఆ వేళప్పుడు ఎవరు పాఠం చెబుతున్నారో, ఎవరు నిద్రపోతున్నారో తెలిసిపోతుంది. మరుగుదొడ్డి కూడా చూడమనండి. చేరేవాళ్లు ఆడపిల్లలైతే ముందు అదే చూడమనండి.

ఒక్కటి మాత్రం చెయ్యనివ్వకండి. గోనెగండ్ల వైపు నుంచి ఒక రైతు వచ్చేవాడు. పత్తి బాగా పండిన ఏడు కొడుకును మా దగ్గర చేర్చేవాడు. వానలు లేని ఏడు తీసుకెళ్లి ఊరి బడిలో వేసేవాడు. ఏడో తరగతికి వచ్చేసరికి ఆ అబ్బాయి దగ్గర నాలుగు టీసీలు ఉన్నాయి. వాడి చదువు ఎలా ఉందని అడిగితే ఈసారి మేఘాలు బాగున్నాయని ఆ తండ్రి చెప్పేవాడు. వినడానికి నవ్వొస్తుంది కానీ ఆ పిల్లవాడికి ఒక్క బడిలోనూ స్నేహితుడు లేకుండా పోయాడు. ఏదో ఒక బడిని నమ్ముకుని అక్కడే ఉంచడం మంచిది.

నాగమ్మ ఏం చేసిందో కూడా చెప్పాలి. టీసీ తీసుకున్న నెలలోనే ఆమెను పోస్టాఫీసుకు తీసుకెళ్లి నెలనెలా కట్టే డిపాజిట్ తెరిపించాను. మా బడికి కట్టలేకపోయిన దాంట్లో సగం అక్కడ కట్టమన్నాను. ఆమె మా బడికి కట్టడం ఎప్పుడూ ఆలస్యం చేసేది. పోస్టాఫీసుకు ఒక్క నెల కూడా ఆలస్యం చేయలేదు. అయిదేళ్లు అయ్యాక ఆ డబ్బుతోనే సావిత్రిని ల్యాబ్ టెక్నీషియన్ కోర్సుకు పంపింది. ఇప్పుడు ఆ అమ్మాయి ఆదోనిలో ఒక ల్యాబ్‌లో పనిచేస్తోంది. పోయిన నెల షుగర్ టెస్టుకు వెళ్తే నా చెయ్యి గట్టిగా పట్టుకుని సూది గుచ్చింది. తెల్లబూట్లకు బదులు తీర్చుకుంటోందేమో అనుకున్నాను. నెప్పి మాత్రం తెలియలేదు.

నా కుర్చీలో ఇప్పుడు ఎవరున్నారంటే

నేను రిటైరయ్యే ఏడాది బ్రాంచిలో నా స్థానానికి మనిషి కావాల్సి వచ్చింది. వచ్చిన దరఖాస్తుల్లో ఒకటి మహేషుది. ఎమ్మిగనూరులోనే బీకాం చేశాడు. వాడిని తీసుకోమని సారుకు నేనే చెప్పాను. పేరు వినగానే ఆయన దుప్పట్ల వాళ్ల అబ్బాయా అని అడిగారు.

మహేషు చేరిన మొదటి నెలలో జరిగిన సంగతి ఇది, నేను పక్కనే కూర్చుని ఉన్నాను. దేవనకొండ వైపు నుంచి వచ్చి టైర్ల పంక్చరు కొట్టు పెట్టుకున్న ఒకాయన కూతురి అడ్మిషన్ కోసం వచ్చాడు. మహేషు అంతా వివరించాడు. ఆయన విని, నువ్వు ఏ బడిలో చదివావని అడిగాడు.

మా బడిలోనే ఒక ఏడాది చదివాడు కదా, ఆ ఒక్క ముక్క చెప్పినా చాలు అనుకున్నాను. మహేషు మున్సిపల్ బడిలో చదివానని చెప్పాడు. మరి నా కూతుర్ని ఇక్కడెందుకు చేర్చాలని ఆయన అడిగాడు.

“మీ ఇంటి దగ్గర మున్సిపల్ బడి ఉంది గదన్నా, ముందు ఆడికి పోయి సూడండి. సార్లు వస్తాండారు, సదువు సెప్తాండారు అంటే ఆడనే ఏయండి. నేను ఆడ సదివే ఈడికొచ్చినా. మీకు సరిపోకుంటే అప్పుడు రండి, సీటు ఉంటాది” అన్నాడు మహేషు.

ఆయన పాంప్లెట్టు మడిచి జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు. మూడో రోజు ఆయన తిరిగి వచ్చాడు. మున్సిపల్ బడి బాగానే ఉందని, కానీ చిన్నపిల్ల లారీలు తిరిగే పెద్దరోడ్డు దాటాలని, తోడు వెళ్లడానికి ఇంట్లో ఎవరూ లేరని చెప్పి మా దగ్గరే చేర్చాడు. నాలుగో తరగతికి వచ్చాక తనే రోడ్డు దాటగలదని, అప్పుడు అక్కడికి మారుస్తానని కూడా ముందే చెప్పాడు. మహేషు ఆ మాట అడ్మిషన్ ఫారం వెనక రాసి పెట్టాడు.

ఈ కథ సారుకు చేరింది. నేను ఇంట్లో ఉండగా ఫోన్ చేశారు.

“రుక్మిణమ్మా, నువ్వు పెట్టిన పిల్లోడు శానా తెలివైనోడు. నిజం సెప్పి అమ్ముతాండాడు. ఇన్నేండ్లూ మనకిది తట్టనే లేదు సూడు” అన్నారు.

ఏప్రిల్ క్యాంపెయిన్ మొదలయ్యేలోపు కొత్తగా చేరినవాళ్లందరికీ ఈ పద్ధతి నేర్పించాలని, నన్ను వచ్చి ఒక పూట చెప్పమన్నారు. వెళ్లాను. ఆరుగురు పిల్లలు నోటుపుస్తకాలు పెట్టుకుని కూర్చున్నారు. సారు వెనక కుర్చీలో కూర్చున్నారు. నేను చెప్పిందంతా విన్నాక ముందు వరుసలో ఉన్న ఒక అమ్మాయి లేచి, నిజం చెప్పాక కూడా వాళ్లు వెళ్లిపోతే ఏం చేయాలని అడిగింది.

మంచినీళ్లు ఇవ్వమన్నాను. గేటు దాకా తోడు వెళ్లమన్నాను. మున్సిపల్ బడికి దారి తెలియకపోతే చూపించి రమ్మన్నాను. ఆరుగురూ రాసుకున్నారు. మొదటి రెండు మాటలకు సారు తలూపారు. మూడో మాటకు ఊపడం ఆపి, గడియారం చూసుకున్నారు.